‘సరే’ అనే ముందు

విశాఖపట్నంలో రోజుల లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లు ఇప్పుడు కొత్త కాదు. ఎంవీపీ కాలనీ నుంచి లాసన్స్ బే, ఎండాడ మీదుగా రుషికొండ దాకా, సముద్రానికి దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్లలో అలాంటి ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. హోటల్లో మూడు గదులు తీసుకుని మూడు తలుపుల వెనక విడివిడిగా పడుకునే బదులు అందరూ ఒకే హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. పిల్లాడికి గుప్పెడు అన్నం ఉడికించుకోవచ్చు, తడిబట్టలు బాల్కనీలో ఆరేసుకోవచ్చు. కుటుంబాలతో వచ్చేవాళ్లు వీటిని ఇష్టపడేది అందుకే. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. హోటల్లో ఎవరిని అడగాలో, ఏం అడగాలో, ఎంతవరకు అడగవచ్చో అందరికీ ఎంతో కొంత తెలుసు. ఇంటి విషయంలో ఆ హద్దులు ఎవరూ గీసి పెట్టలేదు. ఇల్లు అన్నాం కాబట్టి ఇంట్లో అడిగినట్టు అడుగుతారు, డబ్బు తీసుకున్నాం కాబట్టి హోటల్లో అడిగినట్టూ అడుగుతారు.

ఈ ఇళ్లు నడిపేవాళ్లు నలుగురు కలిస్తే గెస్టుల కోరికల మీదే మాట సాగుతుంది. తెల్లవారకముందే తాళాలు కావాలంటారని, నలుగురమని చెప్పి ఏడుగురు దిగుతారని, ఖాళీ చేయాల్సిన రోజు మధ్యాహ్నం దాకా కదలరని చెప్పుకుంటారు. అటువైపు మాట కూడా తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. డబ్బు ముందే కట్టించుకుని, గీజర్ పనిచేయడం లేదంటే ఫోన్ ఎత్తరని, ఫోటోల్లో చూపించిన సముద్రం బాల్కనీ మూలకు వెళ్లి మెడ చాపితే తప్ప కనబడదని గెస్టులు అంటారు. మా ఫ్లాట్ ఒకటి మేమూ ఇలా ఇస్తున్నాం. ఊళ్లు తిరిగినప్పుడు ఇలాంటి ఇళ్లలోనే దిగుతున్నాం. అందుకే రెండు ఫిర్యాదుల్లోనూ నిజం ఉందని చెప్పగలను. కాకపోతే అడిగినవాటిలో దేనికి ‘సరే’ అనాలి, దేనికి ‘కుదరదు’ అనాలి అన్నది మాత్రం ఆ మాటంత తేలిగ్గా తేలేది కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే కోరిక, చెప్పిన వేళకన్నా ముందే ఇంట్లోకి రానివ్వమనేది. హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్ మర్నాడు తెల్లవారుతూనే విశాఖ చేరుతుంది. మేం తాళాలిచ్చేది మధ్యాహ్నం రెండింటికి. రాత్రంతా ప్రయాణం చేసి చంటిపిల్లతోనూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతోనూ దిగిన కుటుంబం ఈ మధ్యలో ఎక్కడికి వెళ్లాలి? అడగడంలో అత్యాశేమీ లేదు. పైగా మన ప్రాంతంలో బసకు ఉన్న అలవాటే వేరు. రైల్వే స్టేషన్ల ఎదుట లాడ్జీలకు ‘24 గంటల చెకవుట్’ అని బోర్డులుంటాయి. ఎప్పుడు దిగితే అప్పటినుంచి రోజు లెక్క. తిరుమలలో దేవస్థానం గదులూ 24 గంటల లెక్కనే ఇస్తారు. రైల్వే రిటైరింగ్ రూములకూ 12 గంటలు, 24 గంటలు అనే లెక్క ఉంది. ఆ పద్ధతికి అలవాటుపడినవాళ్లకు, ఒక రోజు అద్దె కట్టాక మధ్యాహ్నం దాకా ఆగమనడం, మర్నాడు పదకొండింటికే ఖాళీ చేయమనడం రోజులో మూడు గంటలు కోసుకోవడంలా కనిపిస్తుంది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం.

అయినా ఆ మూడు గంటలు ఊరికే పోవు. ముందు రోజు దిగినవాళ్లు పదకొండింటికి వెళితే, ఆలోపు పెదజాలరిపేట నుంచి శుభ్రం చేసే ఆవిడ వస్తుంది. పక్క దుప్పట్లు, గలీబులు విప్పి మిషన్‌లో వేయాలి, రెండు బాత్‌రూములు కడగాలి, వంటగట్టు మీద పొంగిన పాల మరకలు గోకాలి, మంచాల కింద ఇసుక ఊడ్చాలి. బీచ్ నుంచి వచ్చినవాళ్ల ఇసుక ఒక్క ఊడ్పుకు పోదు. తడిగుడ్డ పెట్టాక ఆరిన నేల మీద మళ్లీ తేలుతుంది, ఇంకోసారి ఊడవాల్సిందే. ముందు వచ్చినవాళ్లు హాల్లో కూర్చుంటే ఈ పనంతా వాళ్ల కాళ్ల చుట్టూ చేయాలి. ‘మీ పని మీరు చేసుకోండమ్మా, మాకేం ఇబ్బంది లేదు’ అని గెస్టులు మంచి మనసుతోనే అంటారు. కానీ ఆవిడకు ఇబ్బంది. తడి నేల మీద పిల్లలు పరుగెత్తితే భయం, సామాన్ల మధ్య ఏదైనా కనిపించకపోతే అనుమానం తన మీదికి వస్తుందన్న భయం. రెండో భయం ఆవిడ పైకి చెప్పదు. సామాన్లు ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్లదు, గుమ్మంలోనే నిలబడి ‘అమ్మా, ఒకసారి రండి’ అని పిలుస్తుంది.

ఈ కోరికకు ధర కట్టేస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. ముందు రాత్రి కూడా బుక్ చేసుకుంటే తెల్లవారుజామున వచ్చినా ఇల్లు సిద్ధంగా ఉంటుంది, లేదా అందులో సగం తీసుకోవచ్చు అంటారు. ఆ వాదనలో బలముంది. ఖాళీగా ఉంచిన రాత్రికి అద్దె రాదు కదా. ధర చెప్పేస్తే బతిమాలడాలు, మొహమాటాలు ఉండవు. అయితే ఆ సగం అద్దె ఇవ్వగలిగిన కుటుంబానికి స్టేషన్ దగ్గరే ఏసీ గది తీసుకునే స్తోమత కూడా ఉంటుంది. ఇవ్వలేని కుటుంబం వెయిటింగ్ హాల్లోనే కూర్చుంటుంది. ధర అనేది అవసరాన్ని కొలవదు, స్తోమతను కొలుస్తుంది. మనిషికి మనిషి చేసుకోగలిగిన చిన్న సాయానికి కూడా రేటు పెట్టడం మొదలైతే, ఇంట్లో దిగామన్న భావన గెస్టులకూ ఉండదు, ఇచ్చినవాళ్లకూ ఉండదు.

ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి కొంత నయం. సికింద్రాబాద్ నుంచి 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రాత్రి పదకొండు దాటాకే ఇక్కడికి చేరుతుంది. ఆ వేళకు ఎవరో ఒకరు మేలుకుని ఉంటే చాలు. ఇబ్బంది మాకే తప్ప ఇంకొకరికి కాదు.

ఇక చిన్న చిన్న కోరికలు. ఇంకో రెండు దిండ్లు, రైస్ కుక్కర్, తోడు వేసుకోవడానికి గరిటెడు పెరుగు, పెద్దవాళ్లు స్నానానికి కూర్చునేందుకు ప్లాస్టిక్ స్టూలు. వీటిని ‘డిమాండ్లు’ అనడమే తప్పు. బాత్‌రూములో స్టూలు అడిగిన పెద్దాయన నిజానికి మాకు మేలే చేశాడు. ఆ తర్వాత అది అక్కడే ఉండిపోయింది, తర్వాత వచ్చిన పెద్దవాళ్లెవరూ అడగాల్సిన పని లేకపోయింది. అడిగేవాళ్ల వల్లే ఇల్లు మెరుగవుతుందన్న మాటలో అతిశయోక్తి లేదు. ఏమీ అడగకుండా సర్దుకుని వెళ్లిపోయేవాళ్ల వల్ల మనకు ఏమీ తెలియదు. గీజర్ సగం వేడే చేస్తోందని మూడో కుటుంబం చెప్పేదాకా తెలియకపోతే, ముందు రెండు కుటుంబాలు చల్లనీళ్లతో స్నానం చేసి వెళ్లినట్టే. ఏసీ, గీజర్, శుభ్రమైన పక్క, నీళ్లు, ఇవి బుకింగ్‌లో ఒప్పుకున్నవి. వాటిని అడిగినవాళ్లను విసిగించేవాళ్లుగా లెక్కేసే ధోరణి మా వ్యాపారంలో ఉంది. అది అన్యాయం.

కానీ చిన్న కోరికలకు ‘సరే’ అనడంలోనూ ఊహించని ఫలితం ఒకటుంది. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వేదికల మీద ప్రతి బస తర్వాత గెస్టు రేటింగ్ ఇస్తారు. శుభ్రత, చెప్పిన మాటకూ ఉన్న ఇంటికీ పొంతన, చెకిన్, పలకరింపు, ఉన్న చోటు, పెట్టిన డబ్బుకు విలువ, అన్నిటికీ విడివిడిగా నక్షత్రాలుంటాయి. ‘సూపర్‌హోస్ట్’ అనే గుర్తింపు కావాలంటే సగటు 4.8కి తగ్గకూడదు, మెసేజీల్లో కనీసం 90 శాతానికి 24 గంటల్లోగా జవాబివ్వాలి. మన అలవాటు ప్రకారం అయిదుకు నాలుగంటే బాగుందని అర్థం. ఆ వేదిక లెక్కలో అది మనల్ని కిందికి లాగుతుంది. కాబట్టి రాత్రి పదకొండింటికి పాలు కావాలన్నా ఓనర్ పరుగెత్తుతాడు. గెస్టు సంతోషించి, ‘రాత్రి పదకొండింటికి కూడా పాలు తెచ్చిచ్చారు’ అని రాస్తాడు. అది చదివి బుక్ చేసుకున్న తర్వాతి కుటుంబానికి పాలు తేవడం సాయంగా కనిపించదు, ఆ ఇంట్లో ఉన్న సదుపాయాల్లో ఒకటిగా కనిపిస్తుంది. తేకపోతే రేటింగ్ తగ్గుతుంది. ఒకరి మంచితనం అందరి మీదా విధిగా మారడం ఇలాగే. పక్క వీధిలో ఒక్క గది అద్దెకిచ్చుకుని బతికే ఒంటరి మహిళకు రాత్రి పదకొండింటికి బయటికి వెళ్లే వీలు లేకపోవచ్చు. ఆమె రేటింగ్‌ను మా పాల ప్యాకెట్ కిందికి నెట్టవచ్చు.

రేటింగ్ వల్ల మేలు లేదని కాదు. అంతకుముందు ముక్కూమొహం తెలియని ఇంట్లో కుటుంబంతో దిగడానికి జనం జంకేవారు. ఇప్పుడు ముందు వచ్చినవాళ్ల మాట చదువుకుని ధైర్యంగా వస్తున్నారు. హోస్టు కూడా గెస్టు గురించి రాయవచ్చు. ఇద్దరికీ 14 రోజుల గడువు ఉంటుంది. ఇద్దరూ రాసేదాకా, లేదా గడువు ముగిసేదాకా ఒకరు రాసింది ఒకరికి కనబడదు. కక్షతో రాసుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. అయినా బేరం సమానం కాదు. హోస్టుకు అదే ఇల్లు, అదే పేరు. గెస్టు వచ్చే ఏడాది ఇంకో ఊరు వెళతాడు. ‘డిస్కౌంట్ ఇవ్వకపోతే ఏం రాయాలో మాకు తెలుసు’ అనే మాట అరుదుగానే వినిపించినా, వినిపించవచ్చన్న భయం మాత్రం ప్రతి ‘సరే’ వెనకా ఎంతో కొంత ఉంటుంది. భయంతో అన్న ‘సరే’ని మర్యాద అనలేం.

మనుషుల సంఖ్య దగ్గర తగవు ఇంకా లోతైనది. నలుగురికని తీసుకున్న ఇంట్లో ఏడుగురు దిగడాన్ని మోసమని కొట్టిపారేయడం సులువు. కానీ మన కుటుంబాలు అలాగే కదులుతాయి. గాజువాకలో ఉన్న పిన్ని, పిల్లలను చూడటానికి వచ్చి, మాటల్లో పొద్దుపోయి ఆ రాత్రికి ఉండిపోతుంది. పెళ్లికని వచ్చినవాళ్ల దగ్గరికి ఇంకో ఇద్దరు బంధువులు చేరతారు. వాళ్లను పొమ్మనడం ఆ ఇంటి పెద్దకు తలకొట్టేసినట్టు ఉంటుంది. పసిపిల్లను లెక్కలో చెప్పాలా వద్దా అన్నది కూడా చాలామందికి నిజంగానే తెలియదు. దాచాలన్న ఉద్దేశం అన్నిసార్లూ ఉండదు.

మరోవైపు, అపార్ట్‌మెంట్ అంటే మా ఒక్కరిదే కాదు. గుమ్మం బయట చెప్పుల జతలు పది దాటితే ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుంటుంది. లిఫ్ట్ ఆగకుండా తిరుగుతుంది. ఎండాకాలం బోరు తగ్గి ట్యాంకర్ తెప్పించుకునే రోజుల్లో, సంపులో సాయంత్రం దాకా రావాల్సిన నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతే, అయిదో అంతస్తులో డయాలసిస్‌కు వెళ్లొచ్చిన పెద్దాయనకు బాత్‌రూములో నీళ్లుండవు. ఆయన గురించి గెస్టులకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. తెలిసింది మాకు. మనిషికింత అని అదనంగా తీసుకుంటే మా లెక్క సరిపోతుంది తప్ప ఆ డబ్బు ఆ సంపులోకి చేరదు. సొంత ఇళ్లలో ఉండేవాళ్లు రోజువారీ అద్దెలను అసోసియేషన్ సమావేశాల్లో వ్యతిరేకిస్తుంటే, కిట్టక చేస్తున్నారని మా వైపువాళ్లు కొట్టిపారేస్తుంటారు. వాళ్లు ఇల్లు కొనుక్కున్నది పక్కింట్లో ఎవరుంటారో తెలిసిన అపార్ట్‌మెంట్‌లో. వారానికి మూడు కొత్త కుటుంబాలు వచ్చిపోయే చోట కాదు. వాళ్లకు అభ్యంతరం ఉండటంలో వింత లేదు.

డ్రైవర్ల సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. విజయవాడ నుంచో, హైదరాబాద్ నుంచో కారు మాట్లాడుకుని వచ్చిన కుటుంబం, ‘మా డ్రైవర్ సెల్లార్‌లో పడుకుంటాడు, పొద్దున స్నానానికి ఏదైనా చూపించండి’ అంటుంది. కొన్ని హోటళ్లలో డ్రైవర్లకు విడిగా గదులో, వరస మంచాలో ఉంటాయి. ఫ్లాట్లకు ఆ ఏర్పాటు లేదు. వందల కిలోమీటర్లు నడిపి వచ్చిన మనిషి కారు సీటు వెనక్కి వాల్చుకుని, దోమల్లో, అద్దాలు సగం దించుకుని పడుకుంటాడు. మర్నాడు అతనే ఆ కుటుంబాన్ని అనంతగిరి ఘాట్ మలుపుల మీదుగా అరకు తీసుకువెళ్లాలి. నిద్ర చాలని డ్రైవర్ చేతిలో ఆ మలుపులంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ కోరిక గెస్టు గొంతులో వచ్చినా, న్యాయంగా అది డ్రైవర్ కోరిక. దాన్ని తోసిపుచ్చడానికి మనసొప్పదు. అయితే సెల్లార్ అసోసియేషన్‌ది. అక్కడే వాచ్‌మన్ కుటుంబం ఒకే గదిలో ఉంటుంది, ఎదిగిన కూతురుంది. ముక్కూమొహం తెలియని మగవాళ్లు రోజుకొకరు ఆ గది ముందు పడుకుంటే వాళ్లకు ఎలా ఉంటుందో అడిగినవాళ్లు తక్కువ. ఇద్దరూ పనిచేసుకుని బతికేవాళ్లే. మా ‘సరే’ ఒకరికి నిద్రనిచ్చి, ఇంకొకరికి నిద్ర లేకుండా చేయగలదు. ఈ కోరికకు తిరుగులేని జవాబు నాకు ఇప్పటికీ కనబడలేదు.

పార్టీల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఎయిర్‌బీఎన్‌బీ 2020లో తాత్కాలికంగా, 2022లో శాశ్వతంగా వాటిని నిషేధించింది. అర్ధరాత్రి పాటలు వద్దనడంలో వివాదం లేదు. కానీ పిల్లవాడి పుట్టినరోజుకు నాలుగు బెలూన్లు కట్టుకోవడం, పెళ్లికూతురికి నలుగురు ఆడవాళ్లు చేరి పసుపు రాయడం పార్టీ కిందికి వస్తాయా? పసుపు మరక తెల్ల దుప్పటికి పడితే పోదు, సోఫా గుడ్డకు పడితే మార్చాల్సిందే. అయినా ఆ పని కోసమే ఇల్లు తీసుకున్నవాళ్లను కాదనడం సబబు కాదు. పాత దుప్పట్లు ఇచ్చి, సోఫా మీద ఒకటి పరిచి, బాల్కనీలో చేసుకోమంటే రెండువైపులా గడుస్తుంది.

కోరికలన్నీ గెస్టులవే అన్నట్టు మాట్లాడటం కూడా సరికాదు. ఇచ్చేవాళ్ల షరతులూ తక్కువేం కాదు. మాంసం వండకూడదు, బ్యాచిలర్లకు ఇవ్వం, పెళ్లికాని జంటలకు ఇవ్వం అంటుంటారు. పెళ్లికాని ఇద్దరు మేజర్లు ఒక గదిలో దిగకూడదనే చట్టమేదీ లేదు. కోయంబత్తూరులోని ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ను అధికారులు మూసేసిన కేసులో 2019లో మద్రాసు హైకోర్టు ఈ సంగతే చెప్పింది. సొంత ఇంట్లో ఒక గది ఇచ్చే కుటుంబానికి తమ వంటగది గురించి పట్టింపు ఉంటే దాన్ని గౌరవించవచ్చు. అది ముందుగా రాసి ఉండాలి. ఎవరూ ఉండని ఫ్లాట్‌లో అదే షరతు పెట్టినప్పుడు, అది ఎవరి సౌకర్యం కోసమో వివరించడం కొంత కష్టం.

గుర్తింపు పత్రాల దగ్గర ఇద్దరి వాదనా సరైనదే. ఇంట్లో ఎవరు దిగారో తెలియకుండా తాళాలివ్వడం బాధ్యత అనిపించుకోదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు వివరాలు పంపాలి. అయితే ఇంటిల్లిపాది ఆధార్ ఫోటోలు తెలియని నంబరుకు వాట్సాప్‌లో పంపమంటే గెస్టు వెనకాడటం అతి జాగ్రత్త కాదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది చాలు. ఇలాంటిదే కెమెరాల సంగతి. ఇంటి లోపల కెమెరాలు ఉండకూడదని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. లోపల కెమెరా ఉందా అని అడిగిన తల్లిని అనుమానపు మనిషి అనుకోవడం మానేసి, లేదని స్పష్టంగా చెప్పి, తిరిగి చూసుకోమనడమే మంచిది.

ఇన్ని లెక్కలేమిటి, వచ్చినవాళ్లకు ఉన్నంతలో చేయడమే కదా మన పద్ధతి అనే పెద్దవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. గోదావరి జిల్లాల్లో ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం డొక్కా సీతమ్మ గారు. లంకల గన్నవరంలో ఏ వేళ తలుపు తట్టినా అన్నం పెట్టిన ఆ తల్లి పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. ఆ ఆదర్శం ముందు తల వంచాల్సిందే. కానీ ఆమె ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. అందుకే వచ్చినవాళ్లు ఏది పెడితే అది కళ్లకద్దుకుని తిన్నారు. డబ్బు తీసుకున్న మేం ఆ పుణ్యం మాదని చెప్పుకోలేం, డబ్బిచ్చిన గెస్టూ ఆ తల్లి దగ్గర దొరికేదంతా ఆ అద్దెలోనే కొనుక్కున్నాననుకోలేడు. ఇచ్చిపుచ్చుకోవడం మొదలయ్యాక మర్యాద పోనక్కరలేదు, కాకపోతే దానికి హద్దు అవసరమవుతుంది.

దీనికి పూర్తిగా అటు చివర, పదీ ఇరవై ఫ్లాట్లు నడిపే మేనేజర్లుంటారు. వాళ్లకు ప్రతిదానికీ ముందే రాసిపెట్టిన జవాబుంటుంది. అదనపు పరుపుకు ఇంత, ముందుగా వస్తే ఇంత. వినడానికి కటువుగా ఉన్నా ఆ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. అది తట్టేదాకా నేనూ దాన్ని చిన్నచూపే చూశాను. నియమం లేని చోట గట్టిగా అడిగినవాళ్లకే దొరుకుతుంది. మూడుసార్లు ఫోన్ చేసి, గొంతు పెంచి, ఫలానా ఆఫీసర్ మా బావగారని చెప్పిన మనిషికి తెల్లవారుజామున తలుపు తెరుచుకుంటుంది. అడగడానికి మొహమాటపడి, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని స్టేషన్‌లో నాలుగు గంటలు కూర్చున్న తల్లికి తెరుచుకోదు. దయ అనుకుని మనం చేసేది చాలాసార్లు ఒత్తిడికి లొంగడమే. నియమం ఉంటే ఇద్దరికీ ఒకటే జవాబు దొరుకుతుంది. కానీ నియమానికి కళ్లు లేవు. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు తండ్రిని తీసుకొచ్చిన కొడుక్కీ, సెలవులకు వచ్చిన స్నేహితుల గుంపుకూ ఒకటే ధర చెబుతుంది.

యజమాని దగ్గరున్నాడా, దూరంగా ఉన్నాడా అన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టేగా గుర్తించాలంటే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి, గదులు ఆరు మించకూడదు. అలాంటి చోట కోరికలు వాటంతట అవే తగ్గుతాయి. అడిగేవాళ్లకు ఎదుటి మనిషి అలసట కనిపిస్తుంది, కాదనేవాళ్లకు అడిగే మనిషి అవసరం కనిపిస్తుంది. ఫోన్‌లో మెసేజీల మీద నడిచే ఫ్లాట్‌లో ఇద్దరికీ రెండూ కనిపించవు. అందరూ సొంత ఇంట్లోనే గదులివ్వాలనడం ఆచరణలో కుదిరేది కాదు. దూరం పెరిగే కొద్దీ ముందుగా చెప్పుకోవాల్సినవి పెరుగుతాయని గుర్తుంచుకోవడం మాత్రం కుదురుతుంది.

వీటన్నిటి మధ్య మేం ప్రస్తుతానికి పాటిస్తున్న దారి ఒకటుంది. దాన్ని అందరూ పాటించాలని చెప్పను. కోరిక వచ్చినప్పుడు అది సబబా కాదా అనే ముందు, దాని బరువు ఎవరి మీద పడుతుందో చూస్తున్నాం. మా మీదే పడేదైతే, అర్ధరాత్రి తాళాలివ్వడం, సామాను ఉంచుకోవడం, కుక్కర్ తెచ్చివ్వడం లాంటివి, వీలైనంతవరకు ఊరికే చేస్తున్నాం. శుభ్రం చేసే ఆవిడ మీద పడేదైతే ముందు ఆవిడను అడుగుతున్నాం. పొద్దున్నే రాగలనంటే గెస్టు దగ్గర తీసుకున్న అదనపు డబ్బంతా ఆవిడకే. రాలేనంటే గెస్టుకు కుదరదని చెప్పి, సామాను మాత్రం మా ఇంట్లో పెట్టుకుని, స్నానానికి ముసలివాళ్లకూ పసిపిల్లలకూ మా బాత్‌రూమే ఇస్తున్నాం. ఇరుగుపొరుగు మీద పడేది, నీళ్లైనా, చప్పుడైనా, జనమైనా, ఎంత ఇస్తామన్నా ఒప్పుకోవడం లేదు. ఎంతమంది ఉండవచ్చో, బంధువులు ఎన్నింటిదాకా కూర్చోవచ్చో బుకింగ్‌కు ముందే తెలుగులో, ఇంగ్లీషులో రాసి పంపుతున్నాం. చదవకుండా వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ తగవు పడే అవసరం తగ్గింది.

ఈ దారిలో లోపాలు లేవనను. ఆవిడను అడుగుతున్నామన్న మాట నిజమే అయినా, మా దగ్గర జీతం తీసుకునే మనిషి ‘రాను’ అనడానికి ఎంత స్వేచ్ఛ ఉంటుందన్నది వేరే ప్రశ్న. వరుసగా మూడు రోజులు సరే అంటే నాలుగో రోజు మేమే అడగడం మానేస్తున్నాం, అంతకుమించి ఏం చేయాలో తెలియడం లేదు. ఇలా పనికి తగ్గ డబ్బు ఇస్తూ పోతే అద్దె కొంత పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక కుటుంబం మా ఇల్లు వదిలి స్టేషన్ పక్క లాడ్జీకి వెళుతుంది. కుదరదన్నందుకు రేటింగ్‌లు అప్పుడప్పుడు తగ్గుతున్నాయి. ఆ తగ్గుదలను తట్టుకోగలుగుతున్నది మాకు వేరే ఆదాయం ఉంది కాబట్టి. ఆ ఒక్క గది అద్దె మీదే ఇల్లు గడిపేవాళ్లకు ఇలాగే చేయమని చెప్పే అర్హత మాకు లేదు.

డ్రైవర్ల సంగతి అసోసియేషన్ ముందు పెట్టాం. వాచ్‌మన్ గదికి ఎదురుగా కాకుండా, జనరేటర్ వెనక ఉన్న స్టోర్ గదిని ఖాళీ చేయించి, రెండు మంచాలు, ఒక ఫ్యాను, బయట నుంచి వెళ్లేలా ఒక బాత్‌రూము కట్టించాలన్నది ప్రతిపాదన. వాచ్‌మన్ భార్య అభిప్రాయం అడగమని ఒక సభ్యురాలు పట్టుబట్టారు. అడిగితే, ఆ గదికి తలుపు వీధి వైపు పెడితే అభ్యంతరం లేదంది. రోజువారీ అద్దెకిచ్చేవాళ్లే మొత్తం ఖర్చు భరించాలని కొందరు, తమ ఇంటికి వచ్చే బంధువుల డ్రైవర్లూ వాడుకుంటారు కాబట్టి అందరూ తలా కొంత వేసుకోవాలని కొందరు అంటున్నారు. సగం మేమివ్వడానికి ఒప్పుకున్నాం. మిగతా సగం మీద వచ్చే నెల సమావేశంలో మాట్లాడాలి.